మలేరి ఎర్రమట్టిలో మొసలంత కప్ప

ప్రాణహిత నదికి పడమటి వైపున రెబ్బెన, తాండూరు, నెన్నెల, భీమారం ప్రాంతాల రైతులకు ఎర్రమట్టి కొత్త కాదు. వానాకాలంలో కాలికి అంటుకుంటే ఒక పట్టాన వదలదు. ఎండాకాలంలో నెర్రెలు విచ్చి గడ్డపారకు కూడా లొంగదు. చెలకల పక్కన ఒర్రెలు కోసుకుపోయిన చోట ఈ మట్టిలోంచి సున్నపు గడ్డలు, ఇసుకరాతి పలకలు బయటపడుతుంటాయి. పశువులు కాసేవారు వాటి మీద కూర్చుని చుట్ట కాల్చుకుని వెళ్ళిపోతుంటారు. వాటి మధ్య అప్పుడప్పుడు ఎముకలు కూడా ఉంటాయన్న సంగతి మాత్రం ఈ ప్రాంతంలో చాలామందికి తెలియదు.

అవి నిన్న మొన్నటి పశువుల ఎముకలు కావు. సుమారు 22 నుంచి 23 కోట్ల సంవత్సరాల కిందటివి. వాటిలో ఒక జీవి ఎముకలు ప్రపంచ శాస్త్రజ్ఞుల దృష్టిని ఈ మట్టి వైపు తిప్పాయి. అది ఒక మోస్తరు మొసలంత పొడవున్న ఉభయచరం. నీటిలోనూ నేల మీదా బతకగల జీవులను ఉభయచరాలంటారు. ఇప్పుడు మన చుట్టూ ఉన్నవాటిలో కప్ప అందరికీ తెలిసిన ఉభయచరం. వర్షాకాలంలో బావుల దగ్గర కనిపించే గోదురుకప్పను చూసి పిల్లలు జడుసుకుంటారు. ఈ జీవి ముందు గోదురుకప్ప గింజంత కూడా కాదు.

దీనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పూర్తి పేరు పాంథాసారస్ మలేరియెన్సిస్. పేరులో రెండో ముక్క మన మలేరి గ్రామానిదే. ఆ ఊరి పేరు మీదనే ఈ ఎర్రమట్టి పొరలన్నిటినీ భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో మలేరి పొరలు అంటారు. లండన్‌లోనో బెర్లిన్‌లోనో ఈ జీవుల గురించి చదువుకునే విద్యార్థి మలేరి అన్న మాట రాయకుండా పరీక్ష గట్టెక్కలేడు. మన జిల్లాలోనే మలేరి ఎక్కడుందో చెప్పలేనివారు ఎందరో ఉన్నారు.

నీటి అడుగున కాపు కాసే జీవి

కప్ప అన్నామని చెంగుచెంగున గెంతుతుందని అనుకోరాదు. సులువుగా అర్థం కావడానికే ఆ మాట. చూడడానికి ఇది తల పలకలా అణిగిపోయిన పెద్ద ఉడుములాగా ఉంటుంది. ఈ కుటుంబానికి చెందిన జీవులు రెండు, మూడు మీటర్ల దాకా పెరిగేవి. పుర్రె ఒక్కటే మూరెడు పొడవు దాకా ఉండేది. కాళ్ళు చూస్తే ఆ ఒంటికి తగినవి కావు, చిన్నవి, బలం తక్కువవి. నేల మీదికి వస్తే కష్టం మీద పాకాల్సిందే. నీళ్ళలో మాత్రం తోక విదిలించి ఈదగలిగేది.

ఇది నీటి జీవి అనడానికి సాక్ష్యం పుర్రె మీదే ఉంది. పుర్రె పైభాగాన సన్నని కాలువల వంటి గాడులు కనిపిస్తాయి. చేపల ఒంటి పక్కన గీత లాంటిది ఉంటుంది గదా. నీళ్ళలో చిన్న కదలిక వచ్చినా చేప దానితోనే కనిపెడుతుంది. ఈ జీవికి కూడా అదే ఏర్పాటు ఉండేది. బురద నీళ్ళలో కళ్ళు పనిచేయకపోయినా ఎర ఎటు కదిలిందో తెలిసిపోయేది. కళ్ళు కూడా పుర్రె పైన, బాగా ముందుకు, ముట్టెకు దగ్గరగా ఉండేవి. అడుగున పడుకుని పైకి చూసే జీవికి అంతకంటే అనువైన చోటు లేదు.

ఛాతీ కింద పెద్ద పలకల వంటి ఎముకలు మూడు కలిసి ఉండేవి. ఆ బరువు నీటి అడుగున కదలకుండా పడి ఉండడానికి ఉపయోగపడేదని పరిశోధకులు అంటారు. చేప దగ్గరకు రాగానే గబుక్కున నోరు తెరిచి అందుకునేది. నోటి నిండా పళ్ళు. ఆ పన్నును అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే లోపల మడతలు మడతలుగా, దారి తెన్నూ తెలియని పద్మవ్యూహంలా ఉంటుంది. ఇలాంటి పళ్ళున్న పాతకాలపు ఉభయచరాలను చిక్కుదారి పళ్ళ జీవులన్న అర్థంలో లాబిరింథోడాంట్లు అని పిలిచారు.

ఈ పెద్ద గుంపులో మన మలేరి జీవి మధ్యరకం మాత్రమే. జర్మనీలో దొరికిన మాస్టోడాన్‌సారస్ ఇంకా పెద్దది, దాని పుర్రె మీటరు దాటుతుంది. బ్రెజిల్‌లో దొరికిన ప్రియోనోసుకస్ అయితే, ఒక ముట్టె ముక్కను బట్టి 9 మీటర్ల దాకా ఉండవచ్చునని లెక్క కట్టినవారున్నారు. అంత ఉండదని వాదించేవారూ ఉన్నారు. ఈ గుంపులోని ఒక చిన్న శాఖ నుంచే నేటి కప్పలు వచ్చాయని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల నమ్మకం. మలేరి జీవి ఉన్న శాఖకు మాత్రం వారసులు మిగలలేదు.

బొగ్గుకు పైన, నదికి ఇవతల

సింగరేణి గనుల్లో పనిచేసినవారికి పొరల సంగతి వేరే చెప్పనక్కరలేదు. బెల్లంపల్లి, మందమర్రి వైపు దొరికే బొగ్గు ఈ ఎర్రమట్టికంటే పాతది. అది ఒకప్పటి అడవులు నీళ్ళలో మునిగి, మట్టి కప్పుకుని మారినది. బొగ్గు పొరల మీద ఇసుకరాయి, దాని మీద ఎర్రమట్టి పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. తరువాత ఆ పొరలన్నీ తూర్పు, ఈశాన్యం వైపుకు కొద్దిగా వాలాయి. అందువల్ల బొగ్గు గనుల వైపు నుంచి ప్రాణహిత వైపుకు నడుస్తూ పోతే పాత కాలం నుంచి కొత్త కాలానికి నడిచినట్టు లెక్క.

ఆ దారిలో మొదట ఎర్రపల్లి పొరలు వస్తాయి. తరువాత భీమారం ఇసుకరాయి, ఆపైన మలేరి పొరలు, ధర్మారం పొరలు, చివరకు నది దగ్గర కోట పొరలు. అన్నీ ఊళ్ళ పేర్లే. ఇంత కొద్ది దూరంలో, ఇన్ని వరుస పొరల్లో, ఇన్ని రకాల వెన్నెముక జీవుల అవశేషాలు దొరికే చోట్లు దేశంలో చాలా తక్కువ.

మలేరి పొరలు ఏర్పడిన కాలంలో ఇక్కడ పెద్ద నదులు పారేవి. వరద వచ్చినప్పుడు ఒండ్రు పరుచుకునేది, ఎండ కాసినప్పుడు ఎండిపోయేది. మట్టి ఎరుపు, మట్టిలో సున్నపు గడ్డలు రెండూ వాన, ఎండ మార్చి మార్చి వచ్చిన కాలానికి గుర్తులు. నది పక్కన మడుగుల్లో పాంథాసారస్ ఉండేది. దాని పొరుగున పారాసుకస్ అనే ముట్టె పొడవైన జీవి ఉండేది. అచ్చం మొసలిలాగే ఉంటుంది, మొసలి మాత్రం కాదు. గట్టు మీద పందంత ఉండే శాకాహారి హైపరోడాపెడాన్ చిలుక ముక్కు వంటి మూతితో మేస్తుండేది. మలేరిసారస్ అనే బల్లి వంటి జీవి అస్థిపంజరాలు పారాసుకస్‌ల పొట్ట ఉండే చోటనే దొరికాయి. తిన్నది అరగకముందే తిన్నవీ చచ్చిపోయాయన్నమాట.

అప్పటి పెంట కూడా రాయిగా మారి ఇక్కడ కావలసినంత దొరుకుతుంది. నవ్వవలసిన సంగతి కాదు. సి.ఎ.మాట్లీ అనే శాస్త్రజ్ఞుడు మలేరి పెంటల మీదనే 1939లో ప్రత్యేకంగా ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. కొన్ని పెంటలు తాడు చుట్టినట్టు మెలికలు తిరిగి ఉంటాయి. కొన్ని రకాల చేపలకు పేగు లోపల మెలికలుంటాయి గనుక అవి చేపలవని చెప్పగలుగుతున్నారు. ఏ జీవి ఏం తిన్నదో తెలియడానికి పెంటను మించిన సాక్ష్యం లేదు.

పాదరీ పంపిన పళ్ళు

ఈ మట్టి సంగతి లోకానికి తెలిసి 160 ఏళ్ళు దాటింది. నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ అనే స్కాట్లాండ్ పాదరీకి రాళ్ళు, ఎముకలు ఏరడం ఇష్టం. ఆయన, ఆయన తోటి పాదరీ రాబర్ట్ హంటర్ కలిసి వెతికిన చోట్లలో మధ్య భారతంలోని శిలాజాల గురించిన మొదటి వివరాలు బయటపడ్డాయి. మహారాష్ట్రలోని మాంగ్లి దగ్గర దొరికిన ఒక ఉభయచరం పుర్రెను లండన్‌లో రిచర్డ్ ఓవెన్ 1855లో వర్ణించారు. బ్రాకియాప్స్ అని దానికి పేరు పెట్టారు. హిస్లాప్ 1863లో పొంగుతున్న వాగు దాటబోయి కొట్టుకుపోయి చనిపోయారు. పారాసుకస్ హిస్లోపి అన్న జీవి పేరులో ఆయన పేరు నిలిచింది.

మలేరి దగ్గర దొరికిన చేప పళ్ళ గురించి 1859లో టి.ఓల్డ్‌హామ్ రాశారు. అవి సెరటోడస్ అనే ఊపిరితిత్తుల చేప పళ్ళు. అప్పటికి ఆ రకం చేపలు ఎప్పుడో అంతరించాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. సరిగ్గా 11 ఏళ్ళ తరువాత, 1870లో, ఆస్ట్రేలియాలోని నదుల్లో దాని బంధువు బతికే ఉందని తెలిసింది. 1881లో విలియం కింగ్ ప్రాణహిత, గోదావరి లోయ భూగర్భ వివరాలతో పెద్ద నివేదిక వెలువరించారు. 1940లో జర్మనీకి చెందిన ఫాన్ హ్యూనే మలేరి జీవుల గురించి రాశారు. ఇంత జరిగినా, దొరికినవన్నీ ముక్కలే. ఏ జీవీ పూర్తిగా రూపు కట్టలేదు.

1957లో పరిస్థితి మారింది. కలకత్తాలోని భారత గణాంక సంస్థ స్థాపకులు ప్రశాంతచంద్ర మహలనోబిస్ లండన్ నుంచి పమేలా రాబిన్‌సన్‌ను పిలిపించారు. ఆమె పాతకాలపు జీవుల ఎముకల్లో నిపుణురాలు. లెక్కల సంస్థకు ఎముకలతో ఏం పని అని ఎవరికైనా అనుమానం రావచ్చు. కొలిచి చూడదగినది ఏదైనా లెక్కల పరిధిలోకే వస్తుందని మహలనోబిస్ అభిప్రాయం. ఆ సంస్థలో భూగర్భ విభాగం అలా మొదలయింది. ఆ యువ పరిశోధకులు ఎండలో చెలకలు, ఒర్రెలు నడిచి ఏరిన ఎముకలతోనే ఇప్పటి పుస్తకాలు నిండాయి. తరువాత ఇక్కడి ఒక జీవికి శాస్త్రీయ నామంలో స్టాటిస్టికే అని, అంటే గణాంకశాస్త్రం పేరే పెట్టారు.

వారిలో తపన్ రాయ్ చౌధురి ఒకరు. మలేరి ఎర్రమట్టిలో దొరికిన ఉభయచరం పుర్రెలు, ఎముకలు శుభ్రం చేసి, కొలిచి, బొమ్మలు గీసి 1965లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. మెటోపోసారస్ మలేరియెన్సిస్ అని పేరు పెట్టారు. 1970లో ఆయనే ఎర్రపల్లి పొరల నుంచి ఇంకో పెద్ద ఉభయచరాన్ని వర్ణించారు. దాని జాతి పేరు రాజారెడ్డియై. లాటిన్ తోకతో ఉన్నా అందులో ఉన్నది తెలుగు పేరే.

ఎముకను మట్టిలోంచి తీయడం పెద్ద పని. కోట్ల ఏళ్ళు మట్టిలో ఉన్న ఎముక గాలి తగలగానే పొడిపొడిగా రాలుతుంది. అందుకని ముందు జిగురు పోస్తారు. చుట్టూ మట్టి తవ్వి, తడి కాగితం వేసి, గోనె పట్టీలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి చుడతారు. విరిగిన కాలికి పుత్తూరు కట్టు కట్టినట్టే ఉంటుంది చూడడానికి. ఆ కట్టుతో సహా ఎత్తి బండికి ఎక్కిస్తారు. ప్రయోగశాలలో కట్టు విప్పి, భూతద్దం కింద సూదులతో, చిన్న ఉలులతో గింజ గింజ మట్టి తీస్తారు. ఒక పుర్రెకు నెలలు పట్టవచ్చు.

ఎద్దు కొమ్ము లాంటి లెక్క

పేరు మీద చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. ఇది యూరపులోని మెటోపోసారస్ రకమేనా, అమెరికాలో దొరికిన రకమా, లేక వేరా అన్నది ప్రశ్న. కోల్‌కతా సంస్థలోని ధూర్జటీ ప్రసాద్ సేన్‌గుప్తా, సంయుక్తా చక్రవర్తి పుర్రె ఎముకలను ఒక్కొక్కటిగా కొలిచి మిగతా దేశాల జీవులతో పోల్చారు. తేడాలున్నాయని తేలింది. 2018లో దీనికి పాంథాసారస్ అనే కొత్త ఇంటి పేరు ఇచ్చారు. జాతి పేరు మాత్రం మలేరియెన్సిస్‌గానే ఉంచారు. ఇంటి పేరు మారినా ఊరి పేరు పోలేదు.

2020లో భారత, ఐరోపా పరిశోధకులు కలిసి ఇంకొక పని చేశారు. దీని కాలి ఎముకలను అడ్డంగా కోసి, వెలుతురు అవతలికి పోయేంత పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూశారు. ఎద్దుల సంతలో అనుభవజ్ఞులు కొమ్ము మీద వలయాలు చూసి వయసు అంచనా వేస్తారు. ఈ ఎముకల్లోనూ అలాంటి వలయాలే ఉన్నాయి. మేత, నీరు సమృద్ధిగా ఉన్న కాలంలో ఎముక తొందరగా పెరుగుతుంది, వెడల్పు పట్టీ పడుతుంది. కరువు కాలంలో సన్న పట్టీ పడుతుంది. పాంథాసారస్ చిన్న వయసులో తొందరగా పెరిగి, ముదిరిన తరువాత పెరుగుదల తగ్గించుకునేదని ఆ పట్టీలు చెప్పాయి. వానలు, ఎండలు ఒకదాని తరువాత ఒకటి వచ్చిన సంగతి మట్టి చెప్పినదే, ఎముక కూడా చెప్పింది.

మడుగు ఎండితే ఈ జీవుల గతేమిటి? మొరాకోలో ఎండిపోయిన ఒక మడుగు అడుగున దీని బంధువుల అస్థిపంజరాలు పదుల సంఖ్యలో ఒకేచోట దొరికాయి. అమెరికాలోని న్యూమెక్సికోలోనూ, పోర్చుగల్‌లోనూ అలాంటి గుట్టలే బయటపడ్డాయి. చెరువు ఎండుతుంటే చేపలన్నీ మిగిలిన గుంటలోకి చేరి కొట్టుకోవడం మనం ప్రతి వేసవిలోనూ చూస్తూనే ఉన్నాం.

పాతవారు పోయి కొత్తవారు

ఈ పరిశోధనలో అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి పాంథాసారస్ ఎలా ఉండేదన్నది కాదు, అది ఏ పొర దాకా ఉందన్నది. మలేరి పొరల్లో కింది భాగంలో దీని ఎముకలు దొరుకుతాయి. పై భాగానికి వెళ్ళేసరికి దొరకవు. అక్కడ వేరే ఉభయచరాలు కనిపిస్తాయి. సేన్‌గుప్తా 1995లో వీటిలో రెండింటిని వర్ణించారు. ఒకటి కాంప్సోసెరాప్స్. దానికి చెంపల వెనుక కొమ్ముల వంటి పొడుపులుంటాయి. రెండోది కుట్టిసెఫాలస్. ఈ ప్రాంతంలో ఏళ్ళ తరబడి ఎముకలు వెతికిన టి.ఎస్.కుట్టి పేరు మీద పెట్టిన పేరు అది.

పాంథాసారస్ బంధువులు జర్మనీ, పోలండ్, పోర్చుగల్, మొరాకో, అమెరికా, మడగాస్కర్‌లలో ఉన్నారు. కాంప్సోసెరాప్స్ బంధువులు ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో ఉన్నారు. అంటే ఒకప్పుడు ఈ మడుగుల్లో ఉత్తరాది కుటుంబం కాపురం ఉంది. అది ఇల్లు ఖాళీ చేశాక దక్షిణాది కుటుంబం వచ్చి చేరింది. ఆ దక్షిణాది కుటుంబం గట్టిది. ఆస్ట్రేలియాలో దాని వంశంలోని కూలాసుకస్ సుమారు 12 కోట్ల ఏళ్ళ కిందటి దాకా, రాక్షసిబల్లుల కాలంలో కూడా బతికింది.

మంచినీటి మడుగులో బతికే జీవి ఉప్పు సముద్రం దాటి అమెరికాకు ఎలా పోయింది? పోలేదు. అప్పుడు మధ్యలో సముద్రం లేదు. ఖండాలన్నీ ఒక్క ముద్దగా ఉండేవి. దక్షిణ భాగానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా, అంటే గోండుల దేశం. మధ్య భారతంలోని ఈ రాతి పొరలకు 19వ శతాబ్దిలో పెట్టిన పేరు తరువాత ఒక మహాఖండానికి పేరయింది. కెరమెరి, జైనూరు గూడేల్లో ఉన్న రాజ్‌గోండులకు తమ జాతి పేరు ప్రపంచ పటం మీద ఉందని ఎవరైనా చెప్పారో లేదో.

ఈ ఉత్తరాది, దక్షిణాది కథ అంతా తెలిసింది ఒకే ఒక కారణం వల్ల. ఏ ఎముక ఏ పొరలో, ఏ ఎత్తులో దొరికిందో తీసినవారు రాసి పెట్టుకున్నారు. అదే ఎముకను ఎవరో పెరికి ఇంటికి తెచ్చి గూట్లో పెట్టి ఉంటే అది కింది మలేరిదో పై మలేరిదో ఎవరికీ తెలిసేది కాదు. వింత రాయిగా మిగిలేది. చోటు పోయిన ఎముక సర్వే నంబరు చిరిగిపోయిన పట్టా లాంటిది.

చూసేది ఊరివారే

ఇక్కడి ఎముకల్లో ముఖ్యమైనవి కోల్‌కతాలో ఉన్నాయి. కోట పొరల్లో దొరికిన బారాపాసారస్ అనే పెద్ద రాక్షసిబల్లి అస్థిపంజరం కూడా ఆ సంస్థ మ్యూజియంలోనే నిలబడి ఉంది. యామన్‌పల్లి దగ్గర దొరికిన, పి.యాదగిరి 1988లో వర్ణించిన కోటసారస్ మాత్రం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ప్రాణహితకు అవతల, గడ్చిరోలి జిల్లా సిరొంచ దగ్గర వడదంలో మహారాష్ట్ర అటవీశాఖ శిలాజాల పార్కు పెట్టింది. ఇవతల ఒడ్డున మలేరి పేరుగల జీవి బొమ్మ ఒక బడి గోడ మీదనైనా ఉంటే పిల్లలకు చూపించడానికి వీలయ్యేది.

ఎముకలు అయిపోయాయని అనుకోరాదు. ప్రతి వానకూ ఒర్రెల గట్లు కొంత కోసుకుపోతాయి, కొత్తవి బయటపడతాయి. అలా బయటపడినది ఒకటి, రెండు వానాకాలాలకు ముక్కలై కొట్టుకుపోతుంది. ఒర్రె పూడ్చి చెలక చదును చేసే ట్రాక్టరుకు, మొరం తవ్వే పొక్లెయినుకు అందులో ఏముందో తెలియదు. నడిపేవారికి ఎవరూ చెప్పలేదు. రైతు భూమి చదును చేసుకోవద్దని అనడం ఎవరి తరమూ కాదు, న్యాయమూ కాదు. కానీ ఒక్క రోజు ఆగి చూపించడం వల్ల పోయేది లేదు.

జర్మనీలో 1977లో కుప్‌ఫర్‌జెల్ దగ్గర పెద్ద రోడ్డు వేస్తుండగా తవ్విన మట్టిలో ఎముకలు కనిపించాయి. మ్యూజియం వారు వచ్చి రోడ్డు పని వెంటే ఉండి వేలాది ఎముకలు ఏరుకున్నారు. మాస్టోడాన్‌సారస్ గురించి ఇప్పుడు తెలిసినదాంట్లో పెద్ద భాగం అక్కడిదే. రోడ్డూ ఆగిపోలేదు. ఆస్ట్రేలియాలో 1990లలో కోళ్ళ పెంపకం మానుకున్న ఒక పెద్దాయన తన తోట గోడకు తెప్పించిన రాళ్ళలో ఒకదాని మీద ఒక జీవి ఆకారం చూసి మ్యూజియానికి ఇచ్చారు. అది తల నుంచి తోక మొదలు దాకా చర్మపు గుర్తులతో సహా నిలిచిన ఉభయచరం. అరెనాఎర్పెటాన్ అని 2023లో పేరు పెట్టారు. గోడలో సిమెంటు పూసి ఉంటే అంతటితో సరి.

మన దేశంలో ఇలాంటి చోట్లను కాపాడడానికి కేంద్ర గనుల మంత్రిత్వశాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. చట్టాల సంగతి ఢిల్లీలో తేలవలసింది. ఒర్రెలో ఎముక సంగతి ఒర్రె దగ్గరే తేలాలి.

మామూలు రాయికీ ఎముకకూ తేడా తెలుసుకోవడం అంత కష్టం కాదు. విరిగిన చోట లోపల స్పంజిలా సన్న రంధ్రాలు కనిపిస్తే అది ఎముక కావచ్చు. పాంథాసారస్ పుర్రె, ఛాతీ పలకల మీదైతే తేనెపట్టు గదుల వంటి గుంటలు, వాటి నుంచి అంచుల వైపు పరుచుకునే గట్లు ఉంటాయి. ఒకసారి చూసినవారు మరచిపోరు. దీని వెన్నుపూసలు రోకలిని అడ్డంగా కోసిన బిళ్ళల్లా గుండ్రంగా ఉంటాయి. మెలికలు తిరిగిన చిన్న రాయి కనిపిస్తే అది పైన చెప్పిన పెంట కావచ్చు. వీటిలో బంగారం లేదు, మందూ లేదు. అమ్మితే కొనేవారు కనిపించినా వారికి కావలసింది అల్మరాలో పెట్టుకోవడానికే.

అలాంటిది కనిపిస్తే పెరకకూడదు, నీళ్ళు పోసి కడగకూడదు. పక్కన రూపాయి బిళ్ళ పెట్టి సెల్‌ఫోనులో ఫోటో తీయాలి. దగ్గరి నుంచి ఒకటి, చుట్టూ ఒర్రె గట్టు కనిపించేలా దూరం నుంచి ఇంకొకటి. ఊళ్ళో బడి పంతులుకు, తహసీల్దారు కార్యాలయంలో చెప్పి, హైదరాబాదు బండ్లగూడలోని భారత భూగర్భ సర్వే కార్యాలయానికి ఆ ఫోటోలతో ఉత్తరం రాయించవచ్చు. వాళ్ళు వచ్చేలోగా మీద పలుచగా పొడిమట్టి కప్పి, చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టి, దగ్గరలోని బావి, చెట్టు, సర్వే నంబరు కాగితం మీద రాసి ఉంచుకుంటే చోటు తప్పిపోదు.